కాలనీలో కోలాటం: ఇరుగుపొరుగు పరిచయాలు పెరిగేలా బృందాన్ని నడిపే పద్ధతి

నగరాల్లో కొత్తగా వెలసిన కాలనీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉంటూ ఒకరి పేరు ఒకరికి తెలియని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లిఫ్టులో ఎదురైతే నవ్వుకుంటారు, నీళ్ల ట్యాంకరు గురించో పార్కింగు గురించో రెండు మాటలు అనుకుంటారు, అంతకు మించి పరిచయం సాగదు. ఇలాంటి చోట సంఘం తరఫున సమావేశం పెడితే మాట్లాడే అలవాటున్న నలుగురైదుగురే మాట్లాడతారు, మిగిలినవారు విని వెళ్లిపోతారు. కోలాటంలో అలా కుదరదు. ఎదుటివారి కోలకు మన కోల తగలాలంటే వారి వైపు చూడాలి, వారి వేగాన్ని గమనించాలి, అవసరమైతే వారి కోసం క్షణం ఆగాలి. ఒక్క మాట కూడా లేకుండా ఇద్దరూ ఒకరి లెక్కలో ఒకరు ఉంటారు.

అయితే కలిసి ఆడినంత మాత్రాన పరిచయాలు వాటంతట అవే ఏర్పడవు. ఏళ్లుగా నడుస్తున్న బృందాల్లో కూడా ఎప్పుడూ అదే ఇద్దరు జతగా ఆడి, ఆట ముగియగానే ఎవరి ఇంటికి వారు వెళ్లిపోవడం కనిపిస్తుంది. ఎవరు ఎవరి ఎదుట నిలబడతారు, జతలు ఎప్పుడు మారతాయి, ఆట ముగిశాక ఏం జరుగుతుంది అనే మూడు విషయాలను నిర్వాహకులు ముందే ఆలోచించి పెట్టుకున్నప్పుడే కోలాటం మనుషులను కలుపుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ మూడింటి గురించే.

కలిసి అడుగు వేసినప్పుడు ఏమవుతుంది

బ్రాన్విన్ టార్, రాబిన్ డన్‌బార్ తదితర పరిశోధకులు 2015లో ‘బయాలజీ లెటర్స్’ పత్రికలో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో బ్రెజిల్‌కు చెందిన 264 మంది యువతీ యువకుల చేత బృందాలుగా నృత్యం చేయించారు. కొన్ని బృందాల్లో అందరూ ఒకే కదలికను ఒకే సమయంలో చేశారు, మరికొన్నింటిలో ఎవరి కదలిక వారిది. అలాగే కొందరికి శ్రమ ఎక్కువ, కొందరికి తక్కువ. నృత్యానికి ముందూ తర్వాతా వారు ఎంత నొప్పిని ఓర్చుకోగలుగుతున్నారో రక్తపోటు కొలిచే పట్టీని చేతికి బిగించి చూశారు. శరీరంలో ఎండార్ఫిన్లు అనే రసాయనాలు విడుదలైనప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుంది కనుక ఆ కొలతను పరోక్ష సూచికగా తీసుకున్నారు. లయ కలవడం వల్లనూ, ఒళ్లు అలిసేలా ఆడడం వల్లనూ విడివిడిగా ఆ ఓర్పు పెరిగింది, తోటివారితో దగ్గరితనం కూడా పెరిగింది.

నిర్వాహకులకు ఇందులో పనికివచ్చే అంశం ఒకటుంది. శ్రమ, లయ అనే రెండూ దేనికది పనిచేస్తాయి కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ప్రేక్షకులుగా దూరంగా కూర్చోబెట్టవలసిన అవసరం లేదు. కుర్చీలో కూర్చుని కోలలు కొట్టినా, తాళం వేసినా, వంత పాడినా వారు ఆ లయలో భాగమే అవుతారు. కుర్చీలను గోడ వారగా వేయకుండా వలయానికి ఆనుకుని, ఆడేవారి ముఖాలు కనిపించే చోట వేయడం మంచిది.

పిల్లల విషయంలో మరో అధ్యయనాన్ని తలచుకోవచ్చు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో లారా సిరెల్లి బృందం 14 నెలల పసిపిల్లలను ఎత్తుకుని సంగీతానికి అనుగుణంగా ఊపుతూ, ఎదురుగా మరో వ్యక్తిని అదే లయలో ఊగమంది. కొందరి విషయంలో ఆ వ్యక్తి లయ తప్పి ఊగింది. తర్వాత ఆ వ్యక్తి చేతిలోని వస్తువును పొరపాటున జారవిడిచినట్టు నటిస్తే, తమతో లయ కలిపి ఊగిన మనిషికే పిల్లలు ఆ వస్తువును ఎక్కువగా అందించారు. చంటిపిల్లల తల్లులు ఆటకు రావడానికి వెనుకాడుతుంటారు. వారిని బిడ్డలతో సహా రమ్మనడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు. బిడ్డను చంకనెత్తుకున్న తల్లి కోలలు పట్టకుండానే వలయంలో నడవవచ్చు.

ఏ ఆటతో మొదలుపెట్టాలి

తెలుగు నేలపై వలయంగా ఆడే ఆటలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటి మనుషులను ఒక్కొక్క తీరుగా కలుపుతుంది. బతుకమ్మ ఆటలో నడుమ పూల బతుకమ్మ ఉంటుంది, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తారు. జత అవసరం లేదు, లెక్క అవసరం లేదు, పాట మధ్యలో వచ్చినా పక్కకు జరిగి చోటిస్తారు. పాట రానివారు కూడా చరణం చివర ‘ఉయ్యాలో’ అని అందుకుంటే చాలు. కొత్తవారిని చేర్చుకోవడంలో ఇంత ఉదారమైన ఆట మరొకటి లేదని నా అభిప్రాయం. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ సాయంత్రం వేళ అదే మనుషులు అదే చోట కలుస్తారు, ఆట తర్వాత ప్రసాదాలు పంచుకుంటారు. వరుసగా తొమ్మిది రోజులు కలవడమే సగం పరిచయం.

అరకు ప్రాంతపు ఆదివాసుల థింసాలో స్త్రీలు ఒకరి వీపు వెనుక మరొకరు చేతులు పెనవేసుకుని వరుసగా కదులుతారు. ఒక ఊరివారు మరో ఊరివారితో కలిసి ఆడడం, ఆపై అందరూ కలిసి భోజనం చేయడం అక్కడి సంప్రదాయంలో ఉంది. బంధుత్వాలు, ఊళ్ల మధ్య రాకపోకలు ఉన్న సమాజంలో పుట్టిన ఆట అది. ముక్కూ మొహం తెలియని అపార్ట్‌మెంటు వాసులను మొదటి రోజే చేతులు పెనవేసుకొమ్మంటే చాలామంది ఇబ్బంది పడతారు.

కోలాటం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. జత ఉంటుంది, ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, అయినా తాకేది కోల మాత్రమే. చేతిలోని కోల పొడవంత దూరం ఇద్దరి మధ్య గౌరవంగా నిలిచి ఉంటుంది కనుక అత్తా కోడలూ, పెద్దా చిన్నా, ఆడా మగా ఎదురెదురుగా ఆడినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. కోలాటం ఇప్పుడు ఎక్కువగా మహిళా బృందాల ఆటగా కనిపిస్తోంది కానీ పల్లెల్లో మగవారూ ఆడేవారు, ఇప్పటికీ ఆడుతున్న ఊళ్లున్నాయి. అందువల్ల పురుషులను మినహాయించవలసిన పని లేదు. మరో సౌకర్యం ఏమిటంటే, తమిళులకు కోలాట్టం, కన్నడిగులకు కోలాట, గుజరాతీలకు దాండియా తెలుసు. హైదరాబాదు వంటి నగరంలో పక్క ఇంటివారి భాష మనకు రాకపోయినా ఈ ఆట వారికి కొంతైనా వచ్చి ఉండవచ్చు.

కాబట్టి నా సలహా ఇది: మొదటి వారం కోలలు లేకుండా చప్పట్లతో, బతుకమ్మ తరహాలో వలయంగా ఆడి, రెండో వారం నుంచి కోలలు పట్టుకోవాలి.

చోటు, వేళ, పిలుపు

పదహారు మంది ఆడడానికి దాదాపు 25 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదునైన స్థలం కావాలి. లోపలి వలయంలో ఎనిమిది మందికి మనిషికి ఐదడుగుల చొప్పున లెక్కవేస్తే ఆ వలయం అడ్డంగా 13 అడుగులు వస్తుంది, దానికి బయట మరో వలయం, దాని వెనుక చేతులు ఆడేందుకు కొంత ఖాళీ ఉండాలి. స్తంభాల మధ్య ఇరుకుగా ఉండే సెల్లారు కంటే మేడ మీది ఖాళీ స్థలం మేలే కానీ, అక్కడ ఆడితే కింది అంతస్తువారికి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. వారిని ముందుగా అడిగి, వీలైతే వారినే మొదటి సభ్యులుగా చేర్చుకోవాలి. సిమెంటు నేల మీద చెప్పులు లేకుండా అరగంటకు మించి గెంతితే మడమలు, పిక్కలు నొప్పెడతాయి. మొదటి నెల అడుగులు నేలకు రాసుకునేంత తేలికగా ఉండే ఆటలనే ఎంచుకోవాలి.

వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున సరిపోతుంది. ఎప్పుడూ అవే రోజులు, అదే వేళ ఉండడం ముఖ్యం. వేళ మారుతూ ఉంటే మొహమాటస్తులు ముందుగా మానేస్తారు, మనం ప్రధానంగా చేరుకోవాలనుకున్నది వారినే.

వాట్సాప్ బృందంలో ప్రకటన పెట్టి ఊరుకుంటే ఇప్పటికే పరిచయం ఉన్నవారే వస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి ప్రతి గడపకూ వెళ్లి పిలవాలి. పెళ్లికి పిలిచినట్టు ఇంటికి వచ్చి పిలిస్తే రాకుండా ఉండడం మనవారికి కష్టం. పిలిచేటప్పుడు ‘మీకు వచ్చా?’ అని అడగకూడదు, ‘ఎవరికీ రాదు, అందరం నేర్చుకుంటున్నాం’ అని చెప్పాలి.

వాచ్‌మన్ కుటుంబాన్నీ, ఇంటి పనికి వచ్చే మహిళలనూ పిలవాలా అనే ప్రశ్న వస్తుంది. తప్పకుండా పిలవాలి. హైదరాబాదులో వారిలో చాలామంది పాలమూరు నుంచో ఉత్తరాంధ్ర నుంచో వచ్చినవారు, చిన్నప్పటి నుంచి పాటల మధ్య పెరిగినవారు. అయితే రెండు జాగ్రత్తలు పాటించాలి. వారికి పని లేని వేళను అడిగి తెలుసుకుని దాన్నిబట్టి ఆట సమయం పెట్టుకోవాలి. వారిలో ఒకరు నేర్పుతుంటే గురువుకు ఇచ్చినట్టే రుసుము ఇవ్వాలి, ఆడడానికి వచ్చినప్పుడు మాత్రం అందరితో పాటు అదే చాప మీద కూర్చోబెట్టాలి. మధ్యలో లేచి మంచినీళ్లు తెమ్మని వారికే చెప్పే అలవాటును మొదటి రోజే ఆపకపోతే తర్వాత ఆపడం కుదరదు.

పాటల ఎంపికలోనూ ఇదే ఆలోచన ఉండాలి. కోలాటానికి భక్తి పాటలు ప్రాణం అన్నది నిజమే. అయినా వేరే మతాల కుటుంబాలు ఉన్న కాలనీలో నాట్ల పాటలు, ఊయల పాటలు, వానల పాటలు కూడా కలుపుకుంటే ఎవరూ గడప దగ్గర ఆగిపోరు. రికార్డు చేసిన పాట కంటే ఒకరు పాడితే మిగిలినవారు వంత పాడడం మేలు. పాడే మనిషి ఆడేవారిని చూసి వేగం తగ్గించగలదు, స్పీకరు తగ్గించలేదు.

నేర్చుకునే వరుస

ఒక్కో రకం అడుగుల, దెబ్బల కూర్పును కోపు అంటారు. అనుభవమున్న గురువు దొరికితే చాలా కోపులు నేర్పగలరు కానీ మన ఉద్దేశానికి మొదటి రెండు మూడు నెలలు నాలుగైదు కోపులు చాలు. మనసంతా అడుగుల లెక్క మీదే ఉంటే ఎదుటివారి ముఖం చూసే తీరిక ఉండదు. సులువైన కోపు ఒంటికి పట్టాకే కళ్లు పైకి లేస్తాయి.

మొదట చేతిలో ఏమీ లేకుండా వలయంగా నడుస్తూ నాలుగు లెక్కలకు ఒక చప్పట కొట్టించాలి. అది కుదిరాక కోలలు ఇచ్చి, నిలబడిన చోటే ఎవరి కోలలు వారు కొట్టుకోవాలి. ఆ తర్వాత జతగా ఎదురెదురు నిలబడి, ఒకటికి తన కోలలు తాను కొట్టుకోవడం, రెండుకు ఎదుటివారి కుడి కోలతో తన కుడి కోల, మూడుకు మళ్లీ తన కోలలు, నాలుగుకు ఎడమ కోలతో ఎడమ కోల కలపడం నేర్పాలి. ఎదురుగా ఉన్నవారి కుడి మనకు ఎడమ వైపు కనిపిస్తుంది కనుక మొదట్లో తికమక తప్పదు, కుడి చేతికి ఒక రంగు దారం కట్టుకుంటే అది పోతుంది. చేతులు స్థిరపడ్డాకనే కాళ్లు కలపాలి.

కోలలు అడుగు నుంచి అడుగున్నర పొడవుతో, బొటనవేలంత లావుతో, పెచ్చులు లేకుండా నునుపుగా ఉండాలి. ఎవరికి వారు కొనుక్కోమనే కంటే సంఘం తరఫున కొని, రావలసిన వారికంటే నాలుగైదు జతలు ఎక్కువగా ఒక బుట్టలో ఉంచడం మంచిది. దారిన పోతూ ఆగి చూసే మనిషి చేతికి వెంటనే అందించడానికి ఒక జత సిద్ధంగా ఉండాలి.

జతలు మార్చడం

బృందం పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

పదహారు మంది ఉన్నారనుకుందాం. ఎనిమిది మంది లోపలి వలయంలో బయటికి ముఖం చేసి, ఎనిమిది మంది బయటి వలయంలో లోపలికి ముఖం చేసి నిలబడతారు. పైన చెప్పిన నాలుగు లెక్కల కోపును నాలుగు సార్లు, అంటే 16 లెక్కలు ఆడాక, లోపలివారు అక్కడే ఉంటే బయటివారు ఒక్క స్థానం కుడికి జరిగి తర్వాతి మనిషి ఎదుట నిలుస్తారు. ఇలా ఏడు సార్లు జరిగేసరికి బయట ఉన్న ప్రతి ఒక్కరూ లోపల ఉన్న ఎనిమిది మందితోనూ ఆడి ఉంటారు, ఎనిమిదోసారి జరిగితే మొదటి జతే మళ్లీ ఎదురవుతుంది. నిమిషానికి 100 లెక్కల వేగంతో పాడితే ఈ చుట్టు మొత్తం నిమిషంన్నర లోపే పూర్తవుతుంది. ఐదు నిమిషాల పాటలో ఒక్కొక్కరు ఎనిమిది మందినీ మూడేసి సార్లకు పైగా కలుస్తారు.

ఈ ఏర్పాటులో కొత్తవారికి ఒక ధైర్యం ఉంది. మొదటి రోజు భయపడేవారిని వారికి తెలిసిన మనిషి ఎదుటే నిలబెట్టాలి. ఏడుగురు కొత్త ముఖాల తర్వాత మళ్లీ తన మనిషి వస్తుందని తెలిస్తే మధ్యలోని ఏడుగురి ఎదుట నిలబడడం కష్టమనిపించదు.

కానీ ఇందులోనే ఒక లోపమూ ఉంది, చాలా బృందాలు దాన్ని గమనించవు. ఒకే వలయంలో ఉన్నవారు ఎన్ని చుట్లు తిరిగినా ఒకరికొకరు ఎదురుపడరు. పదహారు మందిలో ప్రతి ఒక్కరికీ మిగిలినవారు పదిహేను మంది, వారిలో ఎనిమిది మందినే కలుస్తారు, ఏడుగురు భుజం పక్కనే ఉండి కూడా అపరిచితులుగా మిగిలిపోతారు. లోపలివారు బయటికి, బయటివారు లోపలికి మారినా ప్రయోజనం ఉండదు, ఎదుటి వరుస అదే మనుషులతో ఉంటుంది. పాట పాటకూ ఎవరు లోపల, ఎవరు బయట అన్నది కొత్తగా కలపాలి. మొదటి పాటకు ఒకరు విడిచి ఒకరు లోపలికి వెళ్లాలి. రెండో పాటకు పుట్టిన నెలను బట్టి, జనవరి నుంచి జూన్ దాకా లోపల, మిగిలినవారు బయట. మూడో పాటకు సరి అంతస్తులవారు లోపల, బేసి అంతస్తులవారు బయట. లెక్క సమానంగా రాకపోతే ఒకరిద్దరు అటు వెళ్లి సర్దుకోవాలి. ఇలా అడిగేటప్పుడే ‘మీరూ ఆగస్టా?’ అంటూ మాటలు మొదలవుతాయి.

బేసి సంఖ్యలో వస్తే ఒకరు మిగిలిపోతారు. ఆ మిగిలినది ఎప్పుడూ కొత్తవారో సరిగా ఆడలేనివారో అయితే వారు మళ్లీ రారు. అందుకని నడుమ నిలబడి తాళాలు వేసే స్థానం ఒకటి ఏర్పాటు చేసి, పాటకు ఒకరు చొప్పున, బాగా ఆడేవారితో సహా అందరూ వంతులవారీగా అక్కడికి వెళ్లాలి.

పేర్ల గురించి ఒక మాట. అపార్ట్‌మెంట్లలో మహిళలను ‘ఫలానా బాబు వాళ్ల అమ్మ’ అనో ‘మూడో అంతస్తు మేడమ్’ అనో పిలవడం మామూలైపోయింది, వారి పేరు ఎవరికీ తెలియదు. ప్రతి సాయంత్రం మొదటి చుట్టులో మాత్రం జత మారగానే ఇద్దరూ తమ పేరు చెప్పుకుని ఆట మొదలుపెట్టాలని నియమం పెట్టండి. ఒక్కసారికి ఏ పేరూ గుర్తుండదు, నెలంతా చెప్పుకుంటే తప్పక గుర్తుంటుంది. ఆ తర్వాత అక్కా, పిన్నీ, వదినా అన్న పిలుపులు పేరుకు తోడై వస్తాయి. పరిచయంలో పేరుతో పాటు పెరిగిన ఊరు అడగండి. ఇంటి పేరు, భర్త ఉద్యోగం, సొంత ఇల్లా అద్దె ఇల్లా అన్నవి అడగవద్దు. ఇంటి పేరు అడిగితే మాట కులం దాకా వెళ్తుంది, అద్దె సంగతి అడిగితే హోదా దాకా వెళ్తుంది. ఊరి పేరు అడిగితే అక్కడి చెరువు, జాతర, వంట, బస్సు ప్రయాణం గుర్తుకొచ్చి ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆట తర్వాత అరగంట

గంటసేపు ఆడితే తర్వాత అరగంట కూర్చోవాలి. ఈ అరగంటను మిగులు సమయంగా కాకుండా కార్యక్రమంలో భాగంగానే ప్రకటించాలి. ఒళ్లు అలిసి, చెమట పట్టి, నవ్వుకుని ఉన్నప్పుడు మొహమాటం తగ్గుతుంది, ఆ సమయంలో అందరూ ఇళ్లకు పరుగెత్తితే ఆటతో వచ్చిన చనువు మాటగా మారకముందే పోతుంది. నేల మీద చాపలు వలయంగా పరిచి, మజ్జిగో నిమ్మరసమో బెల్లం పానకమో ఇవ్వాలి. తినడానికి మరమరాలు, గుగ్గిళ్లు వంటివి చాలు. పోటీగా పిండివంటలు చేసుకొచ్చే అలవాటు మొదలైతే వండలేనివారు, వీలులేనివారు రావడానికి సంకోచిస్తారు.

ప్రతి సాయంత్రం ఈ ఏర్పాటు బాధ్యతను అంతగా పరిచయం లేని రెండు ఇళ్లకు కలిపి అప్పగించాలి. మజ్జిగ ఎవరు కలుపుతారు, గ్లాసులు ఎవరు తెస్తారు అని ఆ రెండు ఇళ్లవారు ముందురోజు మాట్లాడుకోక తప్పదు. ఆట కంటే ఈ చిన్న పని వల్లనే గట్టిపడిన స్నేహాలు చాలా ఉంటాయని నా నమ్మకం.

ఒకరు రాకపోతే మర్నాడు వారిని పలకరించవలసింది నిర్వాహకురాలు కాదు, ముందటి సాయంత్రం చివరి పాట ముగిసేసరికి వారికి జతగా ఉన్నవారు. ఈ నియమం వల్ల జ్వరమో, ఇంట్లో ఇబ్బందో ఉన్న విషయం త్వరగా తెలుస్తుంది, పలకరించే అలవాటు ఒక్కరి మీద పడకుండా అందరికీ వస్తుంది.

తప్పులు, వేదిక, పట్టుచీరలు

ఎవరైనా లయ తప్పితే పేరు పెట్టి చెప్పకూడదు. ‘మళ్లీ మొదటి నుంచి’ అని మాత్రం అని పాట అందుకోవాలి. తప్పిన మనిషికి ఎక్కడ తప్పిందో తెలుసు, నలుగురిలో చెబితే వినేది తప్పు కాదు, అవమానమే. కోలలు వేళ్లకు తగిలితే ఆగి, తగిలించినవారు, తగిలినవారు ఒకసారి చూసుకుని నవ్వుకునేదాకా పాటను ఆపి ఉంచాలి.

బృందం కుదురుకోగానే వినాయక చవితి పందిరి నుంచో, శ్రీరామనవమి కల్యాణం నుంచో పిలుపు వస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల ముందు మాడ వీధుల్లో ఆడే బృందాలను చూసినవారికి తామూ అక్కడికి వెళ్లాలన్న కోరిక కలగడం సహజం, అది ఎంతో మంచి కోరిక. కానీ ప్రదర్శన కోసం సాధన మొదలుపెట్టిన రోజు నుంచి బాగా ఆడేవారు ముందుకు, రానివారు వెనక్కి వెళ్తారు, కొత్తవారికి తలుపు మూసుకుంటుంది, జతలు స్థిరపడతాయి, ఇంతకుముందు చెప్పిన మార్పులన్నీ ఆగిపోతాయి. నా దృష్టిలో కాలనీ బృందాలు చెదిరిపోవడానికి ముఖ్య కారణం ఇదే. ప్రదర్శన కావాలనుకున్నవారు దాని సాధనను మరో రోజు, మరో వేళ పెట్టుకోవాలి. వారానికి రెండు సాయంత్రాల ఆట మాత్రం ఎప్పటిలాగే అందరికీ తెరిచి ఉండాలి, ప్రదర్శనకు వెళ్లేవారు కూడా ఆ సాయంత్రాల్లో కొత్తవారి ఎదుట నిలబడాలి. అందరికీ ఒకే పట్టుచీర కొనాలన్న ప్రతిపాదన వస్తే, ఒక రంగు చెప్పి ఎవరి ఇంట్లో ఉన్న చీర వారు కట్టుకుని రమ్మనడం మంచిది. చీర ఖర్చు భరించలేని మనిషి ఆ మాట ఎవరితోనూ చెప్పదు, మెల్లగా రావడం మానేస్తుంది.

జడ కోలాటం ఎప్పుడు

ఆరు నెలలు దాటి, అందరికీ అందరితో ఆడిన అనుభవం వచ్చాక జడ కోలాటం ప్రయత్నించవచ్చు. పైన ఒక గుంజకో దూలానికో రంగు రంగుల తాళ్లు వేలాడదీసి, ఒక్కొక్కరు ఒక తాడు కొస పట్టుకుని ఆడుతూ ఒకరి లోపలి నుంచి, మరొకరి బయటి నుంచి సాగుతారు. ఆట సాగేకొద్దీ తాళ్లు జడగా అల్లుకుంటాయి, అదే వరుసను వెనక్కి ఆడితే జడ విడిపోతుంది. సగం మంది ఒక దిక్కుకు, సగం మంది ఎదురు దిక్కుకు తిరుగుతారు కనుక మనుషుల సంఖ్య తప్పక సరిసంఖ్యగా ఉండాలి.

ఇందులో ఒక్కరు లోపలికి వెళ్లవలసిన చోట బయటికి వెళ్లినా తాడు చిక్కుపడుతుంది, అది విడిపించేదాకా అందరూ ఆగాలి. పరిచయం లేనివారి మధ్య ఆ ఆగడం చిరాకుగా మారుతుంది, ఒకరినొకరు ఎరిగినవారి మధ్య అదే పెద్ద నవ్వుగా మారుతుంది. తొందరపడి మొదటి నెలలోనే దీన్ని పెట్టుకోవద్దనడానికి కారణం అదే. మొదట ఎనిమిది మందితో, తాళ్లు లేకుండా, ఎదురైనవారిని ఒకసారి కుడి భుజం వైపు నుంచి, తర్వాతివారిని ఎడమ భుజం వైపు నుంచి దాటుతూ నడక నేర్చుకోవాలి. నడక తడబడకుండా ఒక చుట్టు పూర్తయ్యాకే తాళ్లు కట్టాలి. గుంజ కదలకుండా పాతడం, తాళ్ల ముడులు పరీక్షించడం వంటి పనులను యువకులకు అప్పగిస్తే, ఆడడానికి సిగ్గుపడి దూరంగా నిలబడేవారికి కూడా రావడానికి ఒక కారణం దొరుకుతుంది.

కొత్తవారికి చోటు

బృందం ఏడాది నిండేసరికి పాతవారికి కోపులన్నీ వచ్చేస్తాయి, కష్టమైనవి ఆడాలనిపిస్తుంది. అదే సమయంలో కాలనీకి కొత్త కుటుంబాలు వస్తూ ఉంటాయి, ముఖ్యంగా పిల్లల చదువులను బట్టి ఇళ్లు మారే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో. అందుకని ప్రతి సాయంత్రం మొదటి పాటను, ఎన్నేళ్లు గడిచినా, మొదటి వారం నేర్చుకున్న ఆ చప్పట్ల పాటగానే ఉంచాలి. రెండో పాట నాలుగు లెక్కల కోపు. కష్టమైన కోపులు మూడో పాట తర్వాతే రావాలి, అప్పటికి కొత్తవారు కూర్చుని చూడాలనుకుంటే చూడవచ్చు, నడుమ తాళాలు వేయాలనుకుంటే వేయవచ్చు. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మొదటి వారంలోనే ఇంటికి వెళ్లి పిలవడానికి ఒకరిని నియమించాలి. ఆ పనికి బృందంలో అందరికంటే బాగా ఆడే మనిషి కంటే, ఇటీవలే చేరి ఇంకా అడుగులు తడబడుతున్న మనిషి తగినది. తనకూ రెండు నెలల క్రితం ఏమీ రాదని ఆమె చెబితే గడప దాటి రావడం వారికి సులువవుతుంది.